ప్రళయకావేరి ఒడ్డున పులికాటు: ఒక రేవుగ్రామపు చరిత్రయు పునరుద్ధరణయు

తెలుగువారి సముద్రవాణిజ్యమును గూర్చి వ్రాయబూనినవారు మోటుపల్లిని, మచిలీపట్టణమును, కోరంగిని, భీమునిపట్టణమును తప్పక పేర్కొందురు. కాని విజయనగర ప్రభువుల కాలమున తూర్పుతీరపు ప్రసిద్ధ రేవులలో ఒకటై, పిమ్మట డచ్చి ఈస్టిండియా కంపెనీకి దాదాపు ముప్పాతిక శతాబ్దము కోరమాండల్ తీరమంతటికిని ముఖ్యస్థానమై వెలసిన పులికాటును మాత్రము తరచుగా విడిచిపెట్టుదురు. రాష్ట్రముల నడిమి సరిహద్దు ఆ గ్రామమును తమిళనాడునందును, ఆ గ్రామమునకు ప్రాణాధారమైన సరస్సులో అత్యధికభాగమును ఆంధ్రప్రదేశమునందును ఉంచుటయే ఈ విస్మృతికి ప్రధానకారణమై యుండును. గ్రామము ఒకరిది, నీరు మరియొకరిది యైనపుడు చరిత్రకు వారసులు కొరవడుట వింత గాదు. పులికాటును పునరుద్ధరింపవలెనను మాట కొంతకాలముగా విద్వాంసులలోను, ప్రకృతిప్రేమికులలోను, ప్రభుత్వ కార్యాలయములలోను వినవచ్చుచున్నది. అయితే దేనిని పునరుద్ధరించుట? శిథిలమైన రాళ్లనా, పూడిపోవుచున్న నీటినా, ఆ రెంటి నడుమ బ్రదుకుచున్న మనుష్యులనా? ఈ ప్రశ్నను ఆద్యంతము పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

సముద్రమునకు వందలకొలది కిలోమీటర్ల దూరమున, హైదరాబాదు నగరపు నడిబొడ్డున, పంజాగుట్టలో కూర్చుండి ఒక తీరగ్రామమును గూర్చి విచారించుట కొందరికి అసంగతముగా తోపవచ్చును. కాని గోలకొండ సుల్తానుల రాజ్యము పదునేడవ శతాబ్దిలో పులికాటు పరిసరములవరకు వ్యాపించినదనియు, ఆ రేవున సరకు నింపిన డచ్చివారికే భాగ్యనగరమున వర్తకశాల యుండెననియు, గోలకొండ పతనముతో పులికాటు అదృష్టము సైతము తారుమారైనదనియు జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఈ దూరము తరిగిపోవును. పాతకట్టడములను నిలుపుట, పూడిన నీటివనరులను తిరిగి తెరచుట అను రెండు విషయములందును ఈ నగరమునకు ఇటీవల కలిగిన అనుభవము పులికాటుకు పనికివచ్చును. దానిని తరువాత వివరింతును.

ముందుగా సరస్సును గూర్చి చెప్పవలెను. ఏలయనగా అది లేనిదే రేవు లేదు. ఒడిశాలోని చిలికా సరస్సు తరువాత మన దేశమున ఉప్పునీటి సరస్సులలో రెండవ పెద్దది ఇదియే. తెలుగువారు దీనిని ప్రళయకావేరి యనిరి. తమిళులు ఊరిని పళవేర్కాడు అందురు. ఆ మాటయే ఐరోపావారి నోట పులికాటైనది. ఉత్తరదక్షిణములుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున వ్యాపించిన ఈ జలరాశికిని బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట దీవి గోడవలె నిలిచియున్నది. కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నదుల నీరు ఇందులో చేరును. లోతు సగటున ఒక మీటరే. వానకాలమున నదులు పొంగినపుడు నీరు తీయనగును. ఎండకాలమున ఆవిరియై ఉప్పదనము హెచ్చును. ఈ రెండు స్థితులను సమతూకమున నుంచునది సముద్రముతో కలిపెడు ముఖద్వారము. దక్షిణపు కొసనున్న ముఖద్వారమునకు ఎదురుగా, ఆరణి నది సరస్సున చేరు చోటికి చేరువను, పులికాటు గ్రామము వెలసినది. పెద్దనావలు బయటి సముద్రమున లంగరు వేయగా, చిన్నపడవలు సరకును ముఖద్వారము గుండ లోనికి చేరవేసెడివి. అలల పోటు లేని లోపలి నీరు, తెరచియున్న మొగ, వెనుకభాగమున నేతపల్లెలు: ఈ మూడును కూడిననాడు పులికాటు రేవైనది; మూడింటిలో ఏది చెడినను అది రేవుగా నిలువజాలకపోయినది. ఈ గ్రామచరిత్ర సమస్తమును ఈ సూత్రముననుసరించియే నడచినది.

ఈ తీరమున అరబ్బు వర్తకుల రాకపోకలు ప్రాచీనములు. మక్కా ప్రాంతమునుండి కొన్ని ఓడలలో వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబములకు తాము సంతతివారమని అక్కడి మరక్కాయర్ ముస్లిములు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. విజయనగరపు ఉచ్చదశయందు ఈ రేవు మలక్కా, పెగూ, సుమత్రా దిక్కులకు అద్దకపు వస్త్రములను పంపి, బదులుగా సుగంధద్రవ్యములను, లోహములను తెప్పించుకొనెడిది. పదునారవ శతాబ్ది రెండవ దశాబ్దమున పోర్చుగీసు రచయిత డ్వార్తే బార్బోసా పులికాటును నరసింగరాజ్యమునకు చెందిన సంపన్నమైన వర్తకపట్టణముగా వర్ణించెను. విజయనగరమును నాటి పోర్చుగీసువారు అట్లు పిలిచెడివారు. వస్త్రములు ఒక్క ఊరివి గావు. మైళ్లకొలది వ్యాపించిన నేతగాండ్ర, అద్దకగాండ్ర పల్లెల శ్రమ ఆ ఓడలలోనికి ఎక్కెడిది. చిరివేరునుండి తీసిన ఎరుపురంగునకు తూర్పుద్వీపములందు ఉండిన మక్కువ ఆనాటి వాణిజ్యమునకు ఒక ఆధారము. మలయా భాషలో గళ్ల లుంగీకి నేటికిని వాడుకలోనున్న కైన్ పెలెకాత్ అను పేరు పులికాటునుండి వచ్చినదే. రాజ్యములు కూలినను, ఓడలు నిలిచినను, నేతగాని చేతిపని తన ఊరి పేరును పరాయిభాషలో పదిలపరచినది. పోర్చుగీసు వర్తకులు ఆ శతాబ్దపు ఆరంభమునుండియే ఇక్కడ కాపురముండిరి. మరియమ్మ పేరిట వెలసిన చర్చి సంప్రదాయము 1515వ సంవత్సరమువరకు పోవుచున్నది.

డచ్చివారు ఈ తీరమునకు వచ్చిన కారణము మొదట వస్త్రములపై మోహము గాదు. జాజికాయ, లవంగము పండెడు తూర్పుద్వీపములందు వెండిబంగారములకన్న కోరమాండల్ వస్త్రములకే గిరాకి యుండుటచేత, సుగంధద్రవ్యములు కొనవలెనన్నచో ముందు వస్త్రములు కొనవలసి వచ్చినది. 1606లో మచిలీపట్టణమునను, నేటి నిజాంపట్టణమైన పెద్దపల్లియందును వర్తకశాలలను స్థాపించిన వారు, గోలకొండ అధికారుల సుంకములతో విసిగి, దక్షిణమున స్వతంత్రమైన నెలవును వెదకిరి. 1610లో ఆరవీటి వేంకటపతిదేవరాయలనుండి పులికాటున వర్తకముచేయుటకు అనుమతిని సంపాదించిరి. ఈ ప్రాంతము ఆ రాయల రాణి, గొబ్బూరి వంశజ, ఓబమ్మకు చెందినది. ఆమె సోదరుడు గొబ్బూరి జగ్గరాజు విజయనగర చరిత్రలోని విషాదాధ్యాయమునకు కర్తయై, తోపూరు యుద్ధమున మడిసినవాడు. డచ్చివారి రాక శాంతోమునందలి పోర్చుగీసువారికి కంటగింపై, 1612లో వారు ఈ వర్తకశాలపై పడి నాశనమొనర్చిరి. దానికి బదులుగానే డచ్చి అధికారి వెమ్మెర్ వాన్ బెర్హెమ్ 1613లో నాలుగు బురుజులతో, చుట్టును కందకముతో ఒక కోటను కట్టించి, తన స్వదేశప్రాంతమైన గెల్డెర్లండ్ పేర గెల్డ్రియా యని నామకరణముచేసెను.

అటుపిమ్మట పులికాటు కేవలము వర్తకశాల గాక ఒక శాసనకేంద్రమైనది. ఇక్కడి గవర్నరుకు ఈ తీరమందలి కంపెనీ వర్తకశాలలన్నియు లోబడియుండెడివి; ఇక్కడ నాణెములు ముద్రింపబడెను; ఇక్కడ తయారైన తుపాకిమందు బతావియాకు ఎగుమతియయ్యెను. ఈ వైభవమంతయు డచ్చివారి ప్రజ్ఞయే యని తలచుట పొరబాటు. నేతగాండ్రకు బయానాలిచ్చి, సరకు నాణ్యమును పరీక్షించి, సకాలమున రేవునకు చేర్చెడు వ్యవస్థ యావత్తు స్థానిక వర్తకుల చేతులలో నుండెను. డచ్చి రికార్డులందు మలయ యను పేర ప్రసిద్ధుడైన అచ్యుతప్ప చెట్టి, అతని సోదరుడు చిన్నన్న చెట్టి తెలుగు బలిజవర్తకులు. వారు తమ సొంత ఓడలను ఆగ్నేయాసియాకు నడిపి, నాయకరాజుల కొలువులలో పలుకుబడి సంపాదించి, పన్నుల కౌళ్లను పుచ్చుకొని, అవసరమైనపుడు సంధివిగ్రహములను సైతము నిర్వహించిరి. తపన్ రాయ్‌చౌధురి 1962లో ప్రకటించిన గ్రంథమునుండి సంజయ్ సుబ్రహ్మణ్యం పరిశోధనలవరకు, ఈ తీరపు వాణిజ్యమును గూర్చిన ఆధునికచరిత్ర మనకు బోధించిన ముఖ్యవిషయ మిదియే: ఓడల జెండాలు విదేశీయములైనను, వాటిని నింపిన తెలివియు శ్రమయు ఇక్కడివే.

విద్యావిషయమునందును ఈ గ్రామము ఒక అపురూపమైన ఘట్టమునకు వేదిక. 1632 మొదలు 1642 వరకు ఇక్కడ డచ్చివారి పాదరిగా నుండిన అబ్రహాం రోజెరియుస్, పద్మనాభుడను బ్రాహ్మణుని సాయముతో హిందూధర్మాచారములను తెలిసికొని వ్రాసిన గ్రంథము ఆయన మరణానంతరము 1651లో ప్రకటింపబడెను. అందు భర్తృహరి సుభాషితములకు డచ్చి అనువాదము కలదు. సంస్కృతసాహిత్యము ఐరోపాభాషలలోనికి ప్రవేశించిన తొలి ద్వారములలో ఒకటి పులికాటున తెరువబడెనని చెప్పుట అతిశయోక్తి గాదు. నేడు ఆ ఊరిలో పద్మనాభుని పేరు చెక్కిన పలక యొక్కటియు నిలువదగినదే.

అయితే ఈ కీర్తికి వెనుక ఒక చీకటి యున్నది. దానిని దాచి చెప్పు చరిత్ర చరిత్ర గాదు. కరువులును యుద్ధములును ఈ తీరమును పీడించిన కాలములందు, తిండిలేక తమ్మును తమ బిడ్డలను అమ్ముకొన్నవారిని, దళారులు అపహరించి తెచ్చినవారిని, డచ్చి ఓడలు పదునేడవ శతాబ్దిలో వేలకొలదిగా బతావియాకును ఇతర స్థావరములకును బానిసలుగా చేరవేసినవి. కోటగోడలను చూచి అబ్బురపడెడు యాత్రికునకు, ఆ గోడల నీడలోనే మనుష్యులు సరకుగా లెక్కింపబడిరని చెప్పనిచో, మనము చేయునది పునరుద్ధరణ గాదు, అలంకరణ మాత్రమే.

మదరాసు నగరపు పుట్టుకకును పులికాటుతో సంబంధము కలదు. 1619లో ఐరోపాయందు కుదిరిన ఒప్పందము ననుసరించి ఆంగ్లేయులు 1621లో ఇక్కడి వర్తకమున పాలుపంచుకొనవచ్చి, డచ్చివారి పోటీకి తాళలేక కొలదికాలములోనే వైదొలగిరి. 1626లో సరస్సునకు ఉత్తరమున, ఆర్మగాన్ అని వారు పిలిచిన దుగరాజపట్నమున ఒక నెలవు నేర్పరచుకొని, అక్కడను తృప్తిచెందక, 1639లో దామెర్ల వంశపు నాయకులనుండి చెన్నపట్టణపు స్థలమును పొందిరి. దామెర్ల అంకభూపాలుని ఉషాపరిణయమను తెలుగు కావ్యము ఈ విషయమున ఒక విశేషమును తెలుపుచున్నది: ప్రళయకావేరికిని మైలాపురికిని, అనగా పులికాటు డచ్చివారికిని శాంతోము పోర్చుగీసువారికిని, నడుమ జరుగుచుండిన కలహములను అణచుటకై తన సోదరుడు అయ్యప్పనాయకుడు తండ్రి చెన్నప్ప పేర చెన్నపట్టణమును నిర్మించెనని ఆ కవి చెప్పెను. ఆంగ్లేయుల దస్తావేజులు చెప్పెడు కథకు తోడుగా ఒక తెలుగు నాయకుని దృష్టినుండి చెప్పబడిన ఈ కథ మనకు మిగిలియుండుట భాగ్యము. మహానగరమై పెరిగిన మదరాసు తనకు ముందున్న రేవును క్రమముగా కప్పివేసినది.

గోలకొండ పాత్ర ఇక్కడనే ప్రవేశించును. 1640వ దశకమున గోలకొండ సేనాని మీర్ జుమ్లా సేనలు కర్ణాటకమును జయించుటతో పులికాటు పరిసరములు కుతుబ్‌షాహీ రాజ్యమునకు లోనైనవి. కోట మాత్రము డచ్చివారి వశముననే యుండెను. వారి రాయబారులు, గుమాస్తాలు భాగ్యనగరమునకు వచ్చిపోవుచుండిరి. వారిలో డేనియల్ హవార్ట్ అనువాడు 1693లో కోరమాండల్ తీరపు ఉన్నతిని పతనమును గూర్చి ప్రకటించిన గ్రంథము గోలకొండ చివరిదినముల చరిత్రకు నేటికిని ఆకరమగుచున్నది. అబుల్ హసన్ తానాషా కాలమున, 1686లో, డచ్చివారు బాకీల తగవుతో మచిలీపట్టణమును ఆక్రమించిరి. మరుసటియేడు ఔరంగజేబు గోలకొండను పట్టుకొనెను. కల్లోలము లోతట్టు నేతపల్లెలకు ప్రాకినది. 1690లో కంపెనీ తన ముఖ్యస్థానమును నాగపట్టణమునకు మార్చుటకు ఈ అస్థిరత ప్రబలమైన హేతువులలో ఒకటి. 1781లో నాగపట్టణము ఆంగ్లేయుల పాలైన పిదప డచ్చివారికి పులికాటే మరల ముఖ్యస్థానమైనను, నాటి ప్రభ తిరిగిరాలేదు. 1795లో ఆంగ్లేయులు దీనిని ఆక్రమించి, 1818లో తిరిగి యిచ్చి, 1824 నాటి ఆంగ్లడచ్చి సంధి ననుసరించి 1825లో శాశ్వతముగా స్వీకరించిరి.

అటుపిమ్మట రేవు గ్రామముగా కుదించుకొనిపోయినది. పందొమ్మిదవ శతాబ్దమున ఎన్నూరు మీదుగా ఉత్తరమునకు సాగి సరస్సును దాటి కృష్ణా డెల్టావరకు వ్యాపించిన బకింగ్‌హాం కాలువ కొంతకాలము ఊపిరిపోసెను. శ్రీహరికోట వంటచెరకు, ఉప్పు, ధాన్యము ఆ కాలువ పడవలలో మదరాసు చేరెడివి. రైలు, మోటారు బండి వచ్చిన మీదట పడవలు తగ్గినవి. తుపానులు కాలువకట్టలను చీల్చినవి. 1969లో శ్రీహరికోట అంతరిక్షప్రయోగములకై ఎంపికయై, 1971లో అక్కడినుండి తొలి రాకెట్టు ఎగిరెను. ఒకప్పుడు వస్త్రపు మూటలు దాటిన నీటిపైగా నేడు ఉపగ్రహములు నింగికి పోవుచున్నవి. కాని ఆ మహత్కార్యమునకై దీవినుండి తరలిన యానాదులు, ఇతర ప్రజలు ఈ చరిత్రలో తమ స్థానమును ఇంకను పొందవలసియున్నది.

నేడు పులికాటున చూడదగినది ఏమి మిగిలియున్నది? గెల్డ్రియా కోట ముండ్లపొదలు క్రమ్మిన దిబ్బగా, కందకపు జాడగా మాత్రమే యున్నది. డచ్చి శ్మశానవాటిక పురావస్తుశాఖ సంరక్షణలో నుండుటచేత ఉన్నంతలో భద్రముగా నున్నది. దాని ద్వారమునకు ఇరుప్రక్కల చెక్కిన అస్థిపంజరములు, సమాధిశిలలపై లోతుగా చెక్కిన వంశచిహ్నములు, అక్షరములు నాటి శిల్పుల నేర్పును చాటుచున్నవి. విజయనగరశైలిని తెలుపు ఆదినారాయణ పెరుమాళ్ల ఆలయమున చిన్నచిన్న రామాయణ ఫలకములు కలవు. సమయేశ్వరాలయము చెట్లవేళ్లు పెనవేసికొని శిథిలమైనది. పాత మసీదులలో ఒకదానిలో నమాజువేళలను తెలుపు నీడగడియారము కలదు. ఒకే చిన్న గ్రామమున ఆలయము, మసీదు, చర్చి, డచ్చి సమాధులు నడకదూరమున నుండుట మన తీరమున అరుదు.

రాళ్లకన్న విలువైనవి మనుష్యుల వద్ద నున్నవి. తమిళభాగపు పట్టణవర్ జాలరులలో పాడు అను కట్టుబాటు కలదు. సరస్సులో మంచి వేటచోట్లు ఎవరికి ఏనాడు దక్కవలెనో చీట్లు వేసి వంతులు నిర్ణయించుకొందురు. ఇట్టి కట్టుబాటు లేనిచో లోతులేని ఈ నీటిలో రొయ్య, పీత ఏనాడో అంతరించియుండెడివి. ఆంధ్రభాగమున పట్టపు కులస్థులు, ఇరకము, వేనాడు దీవుల రైతులు, యానాదులు ఈ నీటితో ముడిపడిన బ్రదుకు బ్రదుకుచున్నారు. ఈ దీవుల భాషను, పాటను, వేటను, పంటను స. వెం. రమేశ్ తన ప్రళయకావేరి కథలలో నిలుపుట తెలుగుసాహిత్యము ఈ సరస్సునకు చేసిన గొప్ప సేవ. పులికాటు ముస్లిం స్త్రీలు తాటాకుతో అల్లెడు బుట్టలు, పెట్టెలు మరియొక సజీవశిల్పము. పునరుద్ధరణ ప్రణాళికలు సాధారణముగా కట్టడముల జాబితాతో ఆరంభమగును. ఇట్టి విద్యల జాబితా ఎవరును తయారుచేయరు.

ఇక పునరుద్ధరణను గూర్చిన అభిప్రాయములు ముఖ్యముగా మూడు. మొదటిది కట్టడములను కాపాడుట. పురావస్తుశాఖ, వారసత్వసంరక్షణ సంస్థయైన ఇంటాక్, చెన్నైలోని కొందరు వాస్తుశిల్పుల సంస్థలు ఆలయములను, సమాధులను గూర్చి చేసిన కృషి ఈ కోవకు చెందినది. వీరు ఆదర్శముగా చూపునది తరంగంబాడి. 1620లో డేనులు స్థాపించి 1845లో ఆంగ్లేయులకు అమ్మిన ఆ రేవూరిలో, 2004 డిసెంబరు సునామీ తరువాత ఇంటాకును డేనిష్ సంస్థలును కలిసి పాత ఇండ్లను, వీథులను, కోటను బాగుచేసిరి. శ్రీలంకలోని గాల్ కోటపట్టణము 1988లో ప్రపంచవారసత్వస్థలముగా గుర్తింపబడి, ప్రజలు నివసించుచున్న డచ్చినగరము ఎట్లు నిలువగలదో చూపుచున్నది. ఈ పక్షమునకు బలమున్నది. రాయి ఒకసారి పోయినచో తిరిగిరాదు. దాని లోపమేమనగా, తరంగంబాడియందును గాల్‌నందును ఇండ్లు, వీథులు నిలిచియున్నవి. పులికాటున గోడలు చాలవరకు పోయి, నీరే ముఖ్యమైన వారసత్వముగా మిగిలినది.

రెండవ పక్షము యాత్రికులపై ఆశపెట్టుకొన్నది. శీతకాలమున సూళ్లూరుపేట ప్రాంతమున జరుగు ఫ్లెమింగో పండుగ, నేలపట్టున గూడబాతుల గూళ్లు, సరస్సున గులాబిరంగు ఫ్లెమింగోల బారులు వేలకొలది జనమును ఆకర్షించుచున్నవి. జనము వచ్చినచోట ధనము వచ్చును, ధనము వచ్చినచోట సంరక్షణ జరుగునని వీరి వాదము. ఇందు సత్యము లేకపోలేదు. కాని 2011 డిసెంబరు 25న పులికాటు మొగవద్ద విహారపు పడవ మునిగి 22 మంది మరణించిన దుర్ఘటన, నియమములేని యాత్రావ్యాపారము ఎంత ప్రమాదకరమో తెలిపినది. పక్షులను చూడవచ్చినవారు పక్షులను బెదరించి, గ్రామమునకు చెత్తను మిగిల్చి పోయినచో అది ఉపకారము గాదు.

మూడవ పక్షము సరస్సును మొదట రక్షింపుమనును. ఆంధ్రప్రదేశమున 1976లోను, తమిళనాట 1980లోను ఈ సరస్సు భాగములు పక్షిసంరక్షణకేంద్రములుగా ప్రకటింపబడినవి. అయినను సమస్య కాగితముపై తీరలేదు. ఇసుక మేటలు ముఖద్వారములను మూసివేయుచున్నవి. ఉత్తరమున రాయదొరువు, తూపిలిపాళెము మొగలు పూడిపోయి, ఎండకాలమున విశాలమైన భాగము ఎండి తెల్లని ఉప్పుపర్రగా మారుచున్నది. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు వేసిన రోడ్డుకట్ట నీటి కదలికను రెండుగా విభజించినది. నదులు తెచ్చెడు మంచినీరు పైభాగమున వాడుకై తరిగినది. దక్షిణమున ఎన్నూరు, కాట్టుపల్లి రేవులు వెలసిన పిదప, తీరపు ఇసుక నడక మారి తమ ఊళ్లకు కోత హెచ్చినదని జాలరులు మొరపెట్టుచున్నారు. కాట్టుపల్లి రేవు విస్తరణ ప్రతిపాదనను వారు గట్టిగా ఎదిరించుటకు కారణ మిదియే. ఉత్తరమున దుగరాజపట్నమున పెద్దరేవు నిర్మింపవలెనని 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టపు పదమూడవ షెడ్యూలునందే వ్రాయబడినది. తొలిదశ 2018 చివరకు పూర్తికావలెనని అందున్నను అది జరుగలేదు. ఆంగ్లేయులు 1626లో నెలకొని, పిదప విడిచిన చోటనే మరల రేవును తలపెట్టునపుడు, ఈ సరస్సు ప్రవాహములు ఏమగునన్న ప్రశ్నకు సమాధానము మొట్టమొదట రావలెను.

ఇక్కడ హైదరాబాదు అనుభవము ఉపకరించును. పంజాగుట్టలోనే, నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ భవనమును కూల్చి అక్కడ శాసనసభను నిర్మింపవలెనని 2019 జూన్‌లో రాష్ట్రమంత్రివర్గము నిర్ణయింపగా, నగరపౌరులు న్యాయస్థానమునకు పోయిరి. ఆ సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. తీర్పుచేత కట్టడము కూలకుండ నిలిచినది. కాని న్యాయస్థానము కూల్చుటను ఆపగలదు గాని బాగుచేయుటను తాను చేయజాలదు. సికిందరాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావి మరియొక పాఠము. ఏండ్ల తరబడి చెత్తతో నిండిన ఆ బావిలో పూడిక తీయగా, క్రింది మెట్ల వద్ద నీరు మరల ఊరినది. 2022లో అది ప్రజలకు తెరువబడినది. గోలకొండ ప్రాంతపు కుతుబ్‌షాహీ మెట్లబావుల పునరుద్ధరణకు అదే సంవత్సరము యునెస్కో ఆసియాపసిఫిక్ పురస్కారము లభించినది. ఈ కార్యములు విజయవంతమగుటకు గల కారణమును గమనింపవలెను: రాతిని అతికించినవారు నీటిని మరువలేదు. నీరు తిరిగివచ్చినందుననే ఆ రాతిమెట్లకు అర్థము తిరిగివచ్చినది. పూడిన హుస్సేన్‌సాగరు తీరమున రాజమార్గములు వేసి, దానిలోనికి మురుగును వదలిన కాలమున నగరము నేర్చుకొనవలసిన పాఠమును, ఒక చిన్న మెట్లబావి నేర్పినది.

ఈ మూడు పక్షములను పోల్చి చూచినపుడు, పులికాటు విషయమున నిర్ణయింపవలసినది వీటిలో ఏది మంచిదన్నది గాదు, ఏది ముందన్నది. నా దృఢాభిప్రాయము ఇది: నీరు ముందు, మనుష్యులు తరువాత, రాళ్లు వారివెంట, యాత్రికులు అన్నిటికి చివర. మొగ తెరచియుండి, నదుల నీరు చేరుచు, రోడ్డుకట్ట క్రింద తగినన్ని తూములు ఏర్పడినచో వేట నిలుచును. వేట నిలిచినచో ఊరు నిలుచును. నిలిచిన ఊరు తన గుడిని, మసీదును, సమాధులను తానే కాచుకొనును. ఈ క్రమమును తలక్రిందులుచేసి, ఎండిన సరస్సు ఒడ్డున కోటగోడను మరల లేవనెత్తినను, దానిని చూచుటకు వచ్చినవారు సాయంకాలమునకు వెళ్లిపోదురు. దానిని కాచుటకు మిగులువారు ఉండరు.

కార్యరూపమున దీనికి కావలసినవి అసాధ్యములు గావు. మొదటిది, రెండు రాష్ట్రములును కలిసి సరస్సునంతటిని ఒక్కటిగా చూచు ఒక శాశ్వతమైన నిర్వాహకమండలిని ఏర్పరచుట. అందు జాలరిసంఘములకు, దీవులవారికి మాట చెల్లెడు స్థానముండవలెను. వేటహద్దుల విషయమున ఇరురాష్ట్రముల జాలరులకు నడుమ జరుగుచున్న తగవులు అక్కడనే తీరవలెను. పాడు వంటి కట్టుబాట్లు వారికి ముందునుండియే కలవు గనుక నియమములను క్రొత్తగా కనిపెట్ట నక్కరలేదు. రెండవది, ముఖద్వారములలో ఇసుకతీతను తుపాను వచ్చినపుడు చేయు అత్యవసరకార్యముగా గాక ఏటేట జరుగు బాధ్యతగా చేయుట. మూడవది, ఆదినారాయణాలయము, సమయేశ్వరాలయము, కోటదిబ్బలకు శాస్త్రీయసంరక్షణను కల్పించుచు, పనిని స్థానికులకే నేర్పి వారిచేతనే చేయించుట. నాల్గవది తెలుగువారమగు మనకు ప్రత్యేకమైనది: చెన్నైలోని ప్రభుత్వ దస్తావేజుల భాండాగారమునను, హేగ్ నగరమునను ఉన్న డచ్చి రికార్డులలో పులికాటుకు సంబంధించినవానిని ఏరి తెలుగులోనికి తెచ్చుట. అచ్యుతప్ప చెట్టి ఉత్తరములు, నేతగాండ్ర ఫిర్యాదులు, బానిసలుగా పోయినవారి జాబితాలు మన భాషలో చదువుకొననంతవరకు ఆ చరిత్ర మనకు పరాయిదిగనే యుండును. మన విశ్వవిద్యాలయములు డచ్చిభాషను నేర్చిన నలుగురు పరిశోధకులను తయారుచేసినను ఈ కార్యము ఆరంభమగును.

పులికాటు మరల మహారేవు కానక్కరలేదు, కారాదు కూడ. దాని చుట్టును ఇప్పటికే కావలసినన్ని రేవులున్నవి. అది జీవముగల సరస్సుపై జీవించు గ్రామముగా నిలిచినచో చాలును. అట్లు నిలుపుటకు కావలసిన శాస్త్రజ్ఞానము ఉన్నది, చట్టములున్నవి, ఆ నీటిని ఎరిగిన ప్రజలున్నారు. కొరవడినది ఇరురాష్ట్రముల సంకల్పము. సరస్సులో అధికభాగము మన తెలుగునేలకు చెందినది గనుక ఆ సంకల్పమున మొదటి అడుగు మనదై యుండవలెను.